దక్కను పీఠభూమిలో వైన్ ద్రాక్ష సాగు

వైన్ ద్రాక్ష సాగు అనగా తినుటకు కాక, పులియబెట్టి వైన్ తయారు చేయుటకు అనువైన ద్రాక్షను పెంచే వ్యవసాయ పద్ధతి. భారతదేశంలో ఈ సాగు ప్రధానంగా దక్కను పీఠభూమిపై, మహారాష్ట్ర మరియు కర్ణాటక రాష్ట్రాలలో విస్తరించినది. తెలంగాణలో ద్రాక్ష సాగుకు శతాబ్దానికి మించిన చరిత్ర ఉన్నప్పటికీ అది దాదాపు పూర్తిగా తినే ద్రాక్షకు సంబంధించినది. హైదరాబాదు పరిసరాలలో ద్రాక్ష రైతు గొప్పతనాన్ని ఎకరానికి ఎన్ని టన్నులు పండించాడన్న దానిని బట్టి లెక్కించేవారు. వైన్ ద్రాక్షలో లెక్క దీనికి వ్యతిరేకం. ఇక్కడ తక్కువ పండించినవాడే మంచి పండ్లు పండించగలడు. ఈ వ్యాసంలో వైన్ ద్రాక్ష లక్షణాలు, దక్కనులో దాని చరిత్ర, సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు వంటి ఎత్తునేలలలో వాలుపై చిన్న తోటను పెంచే విధానము, అందులోని కష్టనష్టాలు వివరించబడినవి.

తినే ద్రాక్ష, వైన్ ద్రాక్ష

రెండూ సాధారణంగా విటిస్ వినిఫెరా అనే ఒకే జాతికి చెందినవి. అయినను శతాబ్దాల ఎంపిక వలన వీటి గుణాలు వేరైనవి. తినే ద్రాక్షకు పెద్ద పండు, పలుచని తొక్క, గింజ లేకపోవుట లేదా తక్కువగా ఉండుట, దూరప్రయాణానికి తట్టుకొను గుత్తి కావాలి. వైన్ ద్రాక్ష పండు చిన్నది. దాని తొక్క మందంగా ఉంటుంది, గింజలు ఉంటాయి. వైన్‌కు రంగు, వాసన, వగరు ఇచ్చే పదార్థాలు అధికంగా తొక్కలోను, గింజలలోను ఉంటాయి. పండు చిన్నదైన కొద్దీ రసంతో పోలిస్తే తొక్క పాలు పెరుగుతుంది. అందువలన బజారులో లోపంగా కనిపించే చిన్న పండే వైన్ తయారీలో గుణమవుతుంది.

రెండవ తేడా తీపిలో ఉన్నది. పండ్ల రసంలోని కరిగిన ఘనపదార్థాలను, ముఖ్యంగా చక్కెరను, బ్రిక్స్ డిగ్రీలలో కొలుస్తారు. తినే ద్రాక్షను సాధారణంగా 16 నుండి 18 బ్రిక్స్ వద్ద కోయవచ్చు. వైన్ ద్రాక్షను 22 నుండి 24 బ్రిక్స్ వచ్చే వరకు తీగపై ఉంచుతారు. పులిసేటప్పుడు ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. బ్రిక్స్ అంకెను 0.55 చేత గుణించినచో రాగల ఆల్కహాలు శాతం ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 23 బ్రిక్స్ రసం నుండి సుమారు 12.5 శాతం ఆల్కహాలు గల వైన్ వస్తుంది. అయితే తీపి ఒక్కటే చాలదు. పులుపు కూడా నిలిచి ఉండాలి. పులుపు పోయిన రసం నుండి చప్పిడిగా, త్వరగా పాడయ్యే వైన్ వస్తుంది. వేడి ప్రదేశాలలో తీపి పెరిగే వేగం కంటె పులుపు తగ్గే వేగమే ఎక్కువ. దక్కనులో వైన్ ద్రాక్ష సాగుకు ఇదియే మూల సమస్య.

చరిత్ర

పూర్వ కాలము

తెలుగువారికి ద్రాక్ష తోటలో కంటె ముందుగా వైద్యంలోను, సాహిత్యంలోను పరిచయమైనది. ఆయుర్వేదంలో ద్రాక్షాసవం, ద్రాక్షారిష్టం అనునవి పులియబెట్టి తయారు చేసే ఔషధాలు. సులభంగా రుచించే కవిత్వాన్ని ద్రాక్షాపాకం అనుట అలంకారికుల సంప్రదాయం.

దక్కనులో ద్రాక్ష తోటల ప్రస్తావన 14వ శతాబ్దం నుండి కనిపిస్తుంది. మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా దౌలతాబాదులో ద్రాక్ష, దానిమ్మ ఏడాదికి రెండు పంటలు ఇచ్చునని వ్రాసినాడు. చలికాలంలో తీగలు నిద్రపోని ఉష్ణమండల స్వభావాన్ని ఈ మాట తెలుపుతుంది. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో పర్యటించిన ఫ్రెంచి యాత్రికుడు జాఁ ద తెవెనో ఇక్కడి ద్రాక్షతోటలను, వాటి నుండి తయారగు తెల్లని వైన్‌ను ప్రస్తావించినాడు.

అనాబ్-ఎ-షాహి

ఆధునిక కాలంలో హైదరాబాదు పేరును ద్రాక్షతో ముడివేసిన రకము అనాబ్-ఎ-షాహి. ఈ పేరుకు 'రాజద్రాక్ష' అని అర్థం. దీనిని హైదరాబాదులో వ్యాప్తిలోకి తెచ్చిన ఘనత అబ్దుల్ బాకర్ ఖాన్‌కు ఇస్తారు. నిజాం పాలన కాలంలో నగరంలోని తోటలలో మొదలైన ఈ రకము 20వ శతాబ్దంలో చుట్టుపక్కల గ్రామాలకు విస్తరించినది. సాగు విస్తరించిన తరువాత హైదరాబాదు, రంగారెడ్డి, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాలతో పాటు పూర్వపు మెదక్ జిల్లా కూడా దేశపు ఉష్ణమండల ద్రాక్ష ప్రాంతంలో చేరినది. జహీరాబాదు 2016 వరకు ఈ మెదక్ జిల్లాలోనే ఉండేది.

అనాబ్-ఎ-షాహి పండ్లు పెద్దవి, పొడవైనవి, గింజ గలవి. బాగా పండినపుడు తేనె రంగుకు తిరుగుతాయి. దిగుబడి చాలా ఎక్కువ. కాని రసంలో తీపి 14 నుండి 16 బ్రిక్స్ మాత్రమే. దీని నుండి నేరుగా వైన్ చేసినచో ఆల్కహాలు 8, 9 శాతానికి మించదు. బూజు తెగులుకు ఇది సులభంగా లొంగుతుంది.

అయినప్పటికీ వైన్ చరిత్రలో ఈ రకానికి చోటు ఉన్నది. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ దీనిని జనకంగా ఉపయోగించి సంకర రకాలను రూపొందించినది. అనాబ్-ఎ-షాహి, క్వీన్ ఆఫ్ వైన్‌యార్డ్స్ రకాల కలయికతో అర్క సోమ వచ్చినది. బెంగుళూరు బ్లూ, అనాబ్-ఎ-షాహిల కలయికతో అర్క హన్స్ వచ్చినది. ఈ రెండూ తెల్ల వైన్ తయారీకి ఉద్దేశించిన రకాలు.

హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం కలదు. తెలంగాణ ఏర్పడిన తరువాత ఇది శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చినది. నగరం విస్తరించుట, భూముల ధరలు పెరుగుట, భూగర్భజలాలు తగ్గుట వంటి కారణాల వలన నగర పరిసరాలలోని ద్రాక్షతోటలు క్రమంగా తగ్గిపోయినవి. ఒకప్పుడు పందిళ్ళు ఉన్న చోట ఇపుడు ఇళ్ళ స్థలాలు ఉన్నవి.

వైన్ పరిశ్రమ

స్వతంత్ర భారతదేశంలో మేలు రకపు వైన్ తయారీ 1980లలో మహారాష్ట్రలోని నారాయణగావ్‌లో ఇండేజ్ సంస్థతో ఊపందుకున్నది. 1988లో కర్ణాటకలోని నంది కొండల పాదంలో గ్రోవర్ వైన్‌యార్డ్స్ ఏర్పడినది. నాసిక్‌లో సులా సంస్థ తొలి తోటను 1990ల చివరలో నాటి, 2000లో వైన్ తయారీ కేంద్రాన్ని ప్రారంభించినది. 1997లో పుణె సమీపంలో జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం ఏర్పాటైనది. మహారాష్ట్ర 2001లోను, కర్ణాటక 2007లోను వైన్ ద్రాక్షను ప్రోత్సహించే విధానాలను ప్రకటించినవి.

పొరుగు రాష్ట్రాలలో ఈ పరిశ్రమ పునాదులు పడుతున్న కాలంలోనే ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 1995 జనవరి నుండి 1997 వరకు సంపూర్ణ మద్యనిషేధం అమలులో ఉన్నది. తెలుగు పట్టణాలలో 'వైన్స్' అని బోర్డు పెట్టిన దుకాణాలలో నేటికీ అధికంగా అమ్ముడయ్యేవి విస్కీ, బ్రాందీ, బీరు. మాట వ్యాపించినంతగా ఆ మాటకు అసలు అర్థమైన పానీయం వ్యాపించలేదు.

జహీరాబాదు ఎత్తునేలలు

జహీరాబాదు హైదరాబాదుకు పడమరగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, 65వ జాతీయ రహదారిపై ఉన్న పట్టణం. సముద్రమట్టం నుండి దీని ఎత్తు సుమారు 620 మీటర్లు. కర్ణాటకలోని బీదరు ఇక్కడికి దగ్గరలో కలదు. రెండు పట్టణాల పరిసరాలు ఒకే ఎర్రరాతి పీఠభూమికి చెందినవి.

ఈ రాయిని లాటరైట్ లేక జంబిట్ట రాయి అంటారు. బసాల్టు శిల లక్షల ఏళ్ళ వాన, ఎండల వలన శిథిలమై, సులభంగా కరిగే లవణాలు కొట్టుకుపోగా, ఇనుము మరియు అల్యూమినియం ఆక్సైడులు మిగిలి ఏర్పడినది. బీదరు కోట కందకం ఈ రాతిలోనే తొలచబడినది. ఈ రాతిలో నీరు సులభంగా ఇంకుతుంది. బహమనీల కాలంలో బీదరులో తవ్విన కారేజ్ అనే భూగర్భ కాలువలు ఈ గుణంపై ఆధారపడినవే.

ద్రాక్ష దృష్టితో చూచినచో లాటరైట్ నేలకు రెండు ముఖ్య గుణాలు ఉన్నవి. నీరు నిలువదు, సారం తక్కువ. ధాన్యపు రైతుకు ఇవి లోపాలు. వైన్ ద్రాక్షకు నీరు నిలువకపోవుట మేలు. సారం తక్కువైనందున తీగ ఆకులకు తన శక్తినంతా పెట్టక కాయలను పండించుటపై మళ్ళుతుంది. అయితే ఈ నేలలో భాస్వరం ఇనుముతో బంధింపబడి వేళ్ళకు అందదు. కొన్ని చోట్ల అడుగున గట్టి పొర ఉండి వేళ్ళను లోనికి పోనీయదు. కావున నాటుటకు ముందు మట్టి పరీక్ష చేయించుట, యంత్రంతో లోతుగా కాలువ తవ్వి గట్టి పొరను పగులగొట్టుట, పశువుల ఎరువు కలుపుట తప్పనిసరి.

పల్లపు భూములలో నల్లరేగడి నేలలు కలవు. అక్కడ శనగ, చెరకు వంటి పంటలు బాగా వస్తాయి. వైన్ ద్రాక్షకు ఇవి అంత అనుకూలం కావు. నల్లరేగడి తేమను ఎక్కువకాలం పట్టి ఉంచుటచే తీగ విపరీతంగా పెరిగి, కాయలపై దట్టమైన నీడ పడుతుంది.

వాతావరణ విషయానికి వస్తే వర్షంలో అత్యధిక భాగం జూన్ నుండి అక్టోబరు మధ్య నైరుతి ఋతుపవనాల వలన కురుస్తుంది. నవంబరు నుండి మార్చి వరకు పొడిగా ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలలలో పగలు ఎండ, రాత్రి చలి ఉండుట వలన పండులో పులుపు కొంతవరకు నిలుస్తుంది. మార్చి నుండి ఎండలు ముదురుతాయి. ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ దాటితే తొక్కలో ఎర్రరంగు సరిగా ఏర్పడదు. అందువలన పంట ఎండలు ముదరక ముందే చేతికి వచ్చే విధంగా కాలాన్ని లెక్కించుకొనుట ఇక్కడి సాగులో కీలకం.

వాలు ఎంపిక

ఐరోపాలోని చల్లని ప్రాంతాలలో దక్షిణపు వాలు శ్రేష్ఠమంటారు. అక్కడ ప్రతి ఎండ కిరణమూ విలువైనది. దక్కనులో ఎండకు కొరత లేదు. ఇక్కడ వాలు వలన కలిగే ప్రయోజనాలు వేరు.

* వాన నీరు త్వరగా జారిపోతుంది, వేళ్ళ వద్ద నిలువదు.
* గాలి ఆడుట వలన ఆకులు త్వరగా ఆరి, బూజు తెగులు తగ్గుతుంది.
* వాలుపై మట్టి పలుచగా ఉండి, తీగ పెరుగుదల అదుపులో ఉంటుంది.

17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్న జహీరాబాదులో డిసెంబరు నెలాఖరు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణ దిక్కున సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. కాయలు పెరిగే ఈ కాలంలో దక్షిణపు, పడమటి వాలులపై వేడి ఎక్కువ. తూర్పు వాలుపై ఉదయపు ఎండ పడి మంచు త్వరగా ఆరుతుంది, సాయంత్రపు ఎండ తీవ్రత తగ్గుతుంది. అందువలన ఇక్కడ తూర్పు లేదా ఈశాన్యపు వాలు మేలైనది.

వాలు నిటారుగా ఉన్నచో మట్టి కోత పెద్ద సమస్య. తీగల వరుసలను సమోన్నత రేఖల వెంబడి వేసి, వరుసల మధ్య గడ్డి లేదా జనుము వంటి పచ్చిరొట్టను పెంచుతారు. కందకాలు తవ్వి, వాన నీటిని కింద ఉన్న కుంటకు మళ్ళిస్తే అదే నీరు వేసవిలో పనికి వస్తుంది.

రకాలు, వేరుమూలాలు

భారతదేశంలో వైన్ కొరకు పెంచే ముఖ్యమైన ఎర్ర రకాలు కాబర్నే సావిన్యోఁ, షిరాజ్. మెర్లో, టెంప్రనీయో, సాంజోవేజే కూడా కొంత మేరకు పెంచుతారు. తెల్ల రకాలలో షెనిన్ బ్లాఁ, సావిన్యోఁ బ్లాఁ ప్రధానమైనవి. షార్డొనే, వియోనియే తక్కువగా కనిపిస్తాయి. వేడిని తట్టుకొనుటలో షిరాజ్, పులుపును నిలుపుకొనుటలో షెనిన్ బ్లాఁ పేరు పొందినవి.

తీగలను సొంత వేళ్ళపై కాక, మరొక జాతి వేరుమూలంపై అంటుకట్టి పెంచుతారు. 19వ శతాబ్దంలో ఫిలాక్సెరా అనే పురుగు ఐరోపా తోటలను నాశనం చేసినపుడు, దానిని తట్టుకొను అమెరికా జాతుల వేళ్ళపై అంటుకట్టుట మొదలైనది. దక్కనులో వేరుమూలాల అవసరం ముఖ్యంగా నీటి ఎద్దడిని, ఉప్పు నీటిని, నులిపురుగులను తట్టుకొనుటకు. తినే ద్రాక్ష రైతులు డాగ్‌రిడ్జ్ వేరుమూలాన్ని విరివిగా వాడుతారు. అది తీగకు మిక్కిలి బలాన్ని ఇస్తుంది. వైన్ ద్రాక్షకు అంత బలం అక్కరలేదు గనుక కరువును తట్టుకొంటూ, పెరుగుదలను మితంగా ఉంచే 110 రిక్టర్ వంటి వేరుమూలాన్ని ఎన్నుకొంటారు.

తోట నిర్మాణము

హైదరాబాదు రైతులకు అలవాటైనది పందిరి పద్ధతి. రాతి స్తంభాలపై తీగలు అల్లి, తలపై పందిరి వలె తీగను పరుస్తారు. గుత్తులు నీడలో వేలాడుతాయి. దిగుబడి అత్యధికంగా వస్తుంది. వైన్ ద్రాక్షకు ఎక్కువగా వాడేది నిలువు పద్ధతి. స్తంభాల మధ్య అడ్డంగా మూడు నాలుగు వరుసల తీగలు లాగి, క్రింది తీగపై ద్రాక్ష చేతులను పరచి, వాటి నుండి వచ్చే రెమ్మలను పైకి నిలబెట్టి తీగల మధ్య ఇరికిస్తారు. ఆకులు గోడ వలె నిలిచి, గుత్తులన్నీ ఒకే ఎత్తులో వరుసగా ఉంటాయి. మందు కొట్టుటకు, ఆకులు తీయుటకు, కోయుటకు ఇది సులభం.

వరుసల మధ్య 8 అడుగులు, మొక్కల మధ్య 4 అడుగులు వదిలినచో ఎకరానికి సుమారు 1,360 మొక్కలు పడతాయి. తీవ్రమైన ఎండ గల చోట పడమటి వైపు ఆకులను తీయక, తూర్పు వైపు మాత్రమే పలుచన చేస్తారు. లేనిచో సాయంత్రపు ఎండకు పండ్లు మాడుతాయి.

రెండు కత్తిరింపులు, ఒక పంట

చల్లని దేశాలలో శీతాకాలంలో ఆకులు రాలి తీగ నిద్రపోతుంది. వసంతంలో తనంతట చిగురిస్తుంది. దక్కనులో తీగకు నిద్ర లేదు. కత్తెరతోనే దాని కాలాన్ని నిర్ణయించాలి. అందుకే ఇక్కడ ఏడాదికి రెండు సార్లు కత్తిరించి, ఒక పంట మాత్రమే తీస్తారు.

వేసవి కత్తిరింపు: కోత ముగిసి, తీగకు కొంత విశ్రాంతి ఇచ్చిన తరువాత మార్చి, ఏప్రిల్ నెలలలో చేస్తారు. పాత రెమ్మలను ఒకటి రెండు కన్నుల వరకు కత్తిరిస్తారు. ఈ కత్తిరింపు పంట కొరకు కాదు. కొత్త రెమ్మల కొరకు. వేసవి ఎండలో పెరిగే ఈ రెమ్మల కన్నులలోనే తరువాతి పంటకు కావలసిన పూగుత్తులు సూక్ష్మరూపంలో ఏర్పడతాయి. ఈ దశలో రెమ్మలు ఒకదానిపై ఒకటి పడి నీడ అయినచో కన్నులు గొడ్డుపోతాయి.

శీతాకాలపు కత్తిరింపు: వానలు తగ్గే సెప్టెంబరు, అక్టోబరు నెలలలో చేస్తారు. పూగుత్తి ఉన్న కన్ను వరకు ఉంచి మిగిలినది తీసివేస్తారు. కన్నులన్నీ ఒకేసారి చిగురించుటకు హైడ్రోజన్ సైనమైడ్ ద్రావణాన్ని పూస్తారు. ఇది విషపూరితం. చేతులకు తొడుగులు ధరించాలి. దీనిని వాడిన రోజులలో మద్యం తాగినచో తీవ్రమైన అస్వస్థత కలుగుతుంది. శరీరంలో ఆల్కహాలు విచ్ఛిన్నమగు క్రియను ఈ రసాయనం అడ్డగించుటయే దీనికి కారణం.

ఈ రెండవ కత్తిరింపు తేదీని నిర్ణయించుటలో రైతు రెండు ప్రమాదాల మధ్య నిలుస్తాడు. ముందుగా కత్తిరించినచో లేత చిగుళ్ళు, పూత చివరి వానలలో చిక్కి బూజు తెగులు పాలవుతాయి. ఆలస్యం చేసినచో పండ్లు మార్చి, ఏప్రిల్ ఎండలలో పక్వమై పులుపు పోగొట్టుకొంటాయి. కత్తిరింపు నుండి కోతకు రకాన్ని బట్టి నాలుగున్నర నుండి ఐదు నెలలు పడుతుంది. అక్టోబరు మొదట కత్తిరించిన తోట ఫిబ్రవరి చివర లేదా మార్చి మొదట కోతకు వస్తుంది.

నీటి యాజమాన్యము

బిందు సేద్యం లేకుండా ఎత్తునేలలలో ద్రాక్ష సాగు సాధ్యం కాదు. వైన్ ద్రాక్షలో నీటిని ఇచ్చుట ఎంత ముఖ్యమో, ఆపుట అంతే ముఖ్యం. చిగురు, పూత దశలలో నీటి కొరత ఉండరాదు. పిందె కట్టిన తరువాత ఎర్ర రకాలకు నీటిని క్రమంగా తగ్గిస్తారు. రెమ్మల చివరి పెరుగుదల ఆగి, పండు చిన్నదిగా ఉండిపోతుంది. పండు మెత్తబడి రంగు తిరుగు దశ నుండి ఆకులు వాడకుండా ఉండుటకు సరిపడా మాత్రమే ఇస్తారు. ఈ ఎద్దడి మోతాదు మించినచో ఆకులు రాలి, పండ్లు వడలి, చక్కెర పెరుగుట ఆగిపోతుంది. తెల్ల రకాలకు ఎద్దడి తక్కువగా ఉండాలి.

బోరు నీటిలో ఉప్పు శాతం పరీక్షించుట అవసరం. ఉప్పు నీరు ఏళ్ళ తరబడి పారినచో ఆకుల అంచులు మాడి, తీగ బలహీనపడుతుంది.

దిగుబడి నియంత్రణ

తీగ చేయగల చక్కెరకు హద్దు ఉన్నది. అది ఎన్ని గుత్తులకు పంచితే అంత పలుచన అవుతుంది. అందుచే పిందె దశలో రెమ్మకు ఒకటి, రెండు గుత్తులు మాత్రమే ఉంచి మిగిలినవి కోసి పారవేస్తారు. రంగు తిరుగు దశలో వెనుకబడిన గుత్తులను మరొకసారి తీసివేస్తారు.

అనాబ్-ఎ-షాహి తోటలో హెక్టారుకు సగటు దిగుబడి సుమారు 35 టన్నులు, అనగా ఎకరానికి 14 టన్నులు. మేలైన ఎర్ర వైన్ కొరకు ఎకరానికి 3 నుండి 5 టన్నులతో సరిపెట్టుకొంటారు. 1,360 మొక్కలున్న ఎకరంలో 4 టన్నులు అనగా మొక్కకు 3 కిలోల కంటె తక్కువ. ఒక టన్ను ద్రాక్ష నుండి సుమారు 600 నుండి 700 లీటర్ల వైన్, అనగా 750 మిల్లీలీటర్ల సీసాలు 800కు పైగా వస్తాయి. కావున చిన్న తోట నిలబడుట బరువుపై కాక, కిలోకు దొరికే ధరపై ఆధారపడి ఉంటుంది. టన్నుల లెక్కన మాత్రమే ధర కట్టే కొనుగోలుదారు ఉన్నచో, గుత్తులు కోసి పారవేసిన రైతు నష్టపోతాడు.

తెగుళ్ళు, చీడలు

* బూజు తెగులు: తేమ వాతావరణంలో వస్తుంది. ఆకు పైభాగాన పసుపు మచ్చలు, అడుగున తెల్లని బూజు కనిపిస్తుంది. పూత దశలో సోకినచో గుత్తి మొత్తం ఎండిపోతుంది. 1 శాతం బోర్డో మిశ్రమం దీనికి పాత మందు. 100 లీటర్ల నీటికి మైలుతుత్తం, సున్నం ఒక్కొక్క కిలో చొప్పున కలిపి తయారు చేస్తారు. ఈ మిశ్రమం 1880లలో ఫ్రాన్సులోని బోర్డో ద్రాక్షతోటలలోనే పుట్టినది.
* బూడిద తెగులు: పొడి, చల్లని రోజులలో ఆకులపై, కాయలపై బూడిద చల్లినట్లు వస్తుంది. గంధకం వాడుతారు. కోతకు కొన్ని వారాల ముందే గంధకం ఆపవలెను. పండ్లపై మిగిలిన గంధకం పులిసేటప్పుడు కుళ్ళిన గ్రుడ్డు వాసన కలిగిస్తుంది.
* పక్షికన్ను తెగులు: వానలలో లేత రెమ్మలపై, కాయలపై నడుమ బూడిద రంగు, అంచున ముదురు రంగు గల గుండ్రని మచ్చలు కలుగజేస్తుంది.
* పిండినల్లి: గుత్తులలో చేరి రసం పీల్చుతుంది. దాని తేనె వంటి విసర్జనపై నల్లని మసి పెరుగుతుంది.
* పక్షులు: పండు తీపి ఎక్కిన తరువాత చిలుకలు, పికిలిపిట్టలు వాలుతాయి. చిన్న తోటలో నష్టం ఎక్కువ. వలలు కప్పుట ఒక్కటే నమ్మదగిన మార్గం.

ఫిబ్రవరి, మార్చి నెలలలో పడే వడగళ్ళు మరొక ప్రమాదం. కోతకు వారం ముందు పడిన వడగళ్ళ వాన ఏడాది పనిని గంటలో తుడిచివేయగలదు. పగిలిన పండ్లు తీగపైనే పులిసి, మిగిలిన గుత్తులను కూడా చెడగొడతాయి.

కోత

రంగు తిరిగిన నాటి నుండి రిఫ్రాక్టోమీటరు అనే చిన్న పరికరంతో బ్రిక్స్ కొలుస్తారు. ఒకే చెట్టు పండ్లను కాక, తోట నలుమూలల నుండి ఏరిన పండ్లను కలిపి కొలవాలి. వాలు పైభాగంలోని పండ్లు సాధారణంగా ముందుగా పండుతాయి. అంకెతో పాటు గింజను కూడా చూస్తారు. పచ్చని గింజ గోధుమ రంగుకు తిరిగి, కొరికినపుడు పొడిగా విరిగినచో వగరు పక్వమైనదని గుర్తు.

కోతను తెల్లవారుజామున మొదలు పెట్టి, ఎండ ఎక్కక ముందే ముగిస్తారు. వేడెక్కిన పండ్లు బుట్టలోనే పులియుట ఆరంభిస్తాయి. అడుగు పండ్లు నలగకుండా లోతు తక్కువగల ప్లాస్టిక్ క్రేట్లు వాడి, అదే రోజు తయారీ కేంద్రానికి చేరుస్తారు.

హంపి కొండల ఉదాహరణ

తెలుగువారు కొండవాలుపై మేలు రకపు వైన్ ద్రాక్షను పెంచిన ప్రసిద్ధ ఉదాహరణ కర్ణాటకలోని హంపి కొండలలో కలదు. హైదరాబాదులోని గ్రాన్యూల్స్ ఇండియా ఔషధ సంస్థ వ్యవస్థాపకుడు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ 2000ల దశకం చివరలో అక్కడ క్రిష్మా ఎస్టేట్స్ అనే తోటను స్థాపించినారు. దంపతుల పేర్ల నుండి తోట పేరు కూర్చబడినది. గ్రానైటు గుండ్ల నడుమ ఎర్రనేలపై కాబర్నే సావిన్యోఁ, సావిన్యోఁ బ్లాఁ, సాంజోవేజే వంటి రకాలను పెంచి, తోటలోనే వైన్ తయారు చేస్తారు.

హంపి కూడా జహీరాబాదు వలె ఎండ ఎక్కువగల, నేల పలుచని ప్రాంతమే. అక్కడ మేలైన పంట వచ్చుట, దక్కను వేడిలో కూడా స్థలం ఎంపిక మరియు దిగుబడి నియంత్రణ ద్వారా నాణ్యత సాధ్యమని తెలుపుతుంది. అయితే ఆ తోటకు సొంత తయారీ కేంద్రం, ఫలితం కొరకు ఏళ్ళ తరబడి వేచియుండగల పెట్టుబడి ఉన్నవి. సాధారణ రైతుకు ఈ రెండూ అందుబాటులో ఉండవు.

చట్టము, మార్కెట్టు

ద్రాక్ష పండించుటకు ఎవరి అనుమతీ అక్కరలేదు. వైన్ తయారీకి మాత్రం ఆబ్కారీ శాఖ లైసెన్సు తప్పనిసరి. ఆబ్కారీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయుట నేరం. మద్యంపై పన్నులు, నియమాలు రాష్ట్రాల అధికారంలో ఉన్నందున ఒక రాష్ట్రంలో తయారైన సీసా మరొక రాష్ట్రంలో అమ్ముటకు వేరుగా అనుమతులు, సుంకాలు అవసరం అవుతాయి.

వైన్ ద్రాక్ష రైతుకు అసలు ప్రమాదం ఇక్కడే ఉన్నది. కొనుగోలుదారు వెనుదిరిగినచో తినే ద్రాక్షను బజారులో ఎంతో కొంతకు అమ్ముకొనవచ్చు. మందపు తొక్క, నిండా గింజలు గల వైన్ ద్రాక్షను బజారులో కొనేవారు ఉండరు. 2008-09 ఆర్థిక మాంద్యం తరువాత మహారాష్ట్రలో ఈ విషయం అనుభవంలోకి వచ్చినది. అమ్మకాలు పడిపోయి తయారీ కేంద్రాల తొట్లలో వైన్ నిల్వలు పేరుకొనుటచే పలువురు రైతులు వైన్ రకాలను తొలగించి, తిరిగి తినే ద్రాక్షకు మరలినారు.

నాటిన తీగ కోతకు వచ్చుటకు రెండు నుండి మూడు సంవత్సరాలు పడుతుంది. స్తంభాలు, తీగలు, బిందు సేద్యం ఖర్చు మొదటి ఏడాదే పెట్టాలి. అందువలన మొక్క నాటుటకు ముందే తయారీ కేంద్రంతో వ్రాతపూర్వక ఒప్పందం చేసికొనుట, ఆ ఒప్పందంలో ధరను టన్నులతో పాటు బ్రిక్స్‌తో కూడా ముడిపెట్టుట రైతుకు రక్షణ. పందిరి కింద టన్నులు పండించిన హైదరాబాదు ద్రాక్ష రైతుకు నేల, తీగ, కత్తెర కొత్తవి కావు. తక్కువ పంటకు ఎక్కువ ధర ఇచ్చే కొనుగోలుదారు దగ్గరలో ఉండుటయే తెలంగాణ ఎత్తునేలలలో ఈ సాగుకు ముందుగా తీరవలసిన అవసరం.

ఇవి కూడా చూడండి

* ద్రాక్ష
* అనాబ్-ఎ-షాహి
* జహీరాబాదు
* లాటరైట్
* బిందు సేద్యం
* బోర్డో మిశ్రమం